ఊపిరి మళ్ళే చోటు

పెద్దమ్మ దినాలకని మానుకోటలో రైలు దిగి ఆటో మాట్లాడుకున్నాను. స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉన్నా మా ఇంట్లో దాన్ని ఎప్పుడూ మానుకోట అనే అంటాం. అక్కడి నుంచి పెద్దబాపు వాళ్ళ ఊరు అరగంట దారి. నేను అటు పోయి చాలా ఏళ్ళయింది. అంతకు ముందు పోయిన రెండు మూడు సార్లూ పెళ్ళికో చావుకో జీపులో పదిమందిమి ఇరుక్కుని పోయి, అదే జీపులో ఆ పూటే తిరిగి వచ్చినవే. ఈసారి ఒక్కదాన్నే ఉన్నాను. ఆటో నడిపే అబ్బాయి పక్క ఊరివాడట, పాటలు పెట్టుకుని హుషారుగా నడుపుతున్నాడు. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా పాట ఆపేశాడు. వేగం తగ్గించి, ఎడమ చక్రాన్ని తారు మీద నుంచి మట్టిలోకి దించి, నడిచే మనిషంత మెల్లగా పోనిచ్చాడు. ఎదురుగా బండి లేదు, మేక లేదు. ఎండలో రోడ్డు ఖాళీగా పడి ఉంది.

"ఎవలన్న వస్తున్నరా తమ్ముడూ?" అని అడిగాను.

"ఎవ్వలు రారు మేడం. జరసేపు మాట్లాడకుండ్రి" అన్నాడు, తల తిప్పకుండానే. వంద గజాలు పోయాక చక్రం మళ్ళీ తారు ఎక్కింది. అప్పుడు చెప్పాడు. "గీ జాగల అందరం పక్కకే నడుపుతం. లారీలోళ్ళు సుత. ఎన్కట జనగామ పిల్ల ఒకతి ఉండెనట. కుక్కలను ఉరికిచ్చుకుంట వచ్చి, తొవ్వ ఇయ్యకుండ నడిమిట్లకెల్లి గుంజుకపోయిందట. కుక్క ఆ పొద్దే సచ్చింది. పిల్ల నెల తిరగకముందే పోయింది. ఇప్పటికీ పగటీలి ఈడ తిరుగుతదంటరు."

"నువ్వు చూసినవా?"

"కండ్లకు కనవడదు మేడం. ఊపిరి ఇనవడతది. ఉరికొచ్చి రొప్పినట్టు. మా నాయిన ఇన్నడు."

ఆ జనగామ పిల్లను నేనే. బతికే ఉన్నాను, ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, మోకాళ్ళ నొప్పులతో ఆ అబ్బాయి వెనకే కూర్చుని ఉన్నాను. ఆ మాట అతనితో అనబోయాను. కానీ ఆ క్షణంలో నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. అతను అద్దంలో నా వైపు చూశాడేమోనని అనిపించి, ఊరు వచ్చేదాకా నోరు మూసుకుని ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ కూర్చున్నాను.

పదో తరగతిలో నేను లెక్కలు తప్పాను. మా బాపు జనగామ పత్తి మార్కెట్లో గుమాస్తా. పట్నం రోడ్డు మీద ఇల్లు, పొద్దంతా బస్సుల రొద, స్నేహితులు. ఇక్కడ ఉంటే చదువు సాగదని, మళ్ళీ పరీక్ష పెట్టేదాకా నన్ను తన అన్న ఐలయ్య ఇంటికి పంపించాడు. మా పెద్దబాపు దగ్గర పందులను తరిమే కుక్కలు నాలుగు ఉండేవి. మామూలు ఊరకుక్కలు కావు. పొడుగు కాళ్ళు, లోతైన ఛాతీ, పిడికిట్లో పట్టేంత నడుము. చూసినవాళ్ళు వీటికి తిండి పెట్టరేమో అనుకునేవారు. పల్లికాయ ఊరే కాలంలో, మక్క కంకి పాలు పోసుకునే కాలంలో అడవిపందులు ఒక్క పూటలో చేనంతా తిరగేసేవి. అప్పుడు రైతులు పెద్దబాపును పిలుచుకుపోయేవారు. ఆయన పందిని చంపనిచ్చేవాడు కాదు. కుక్కలు దాన్ని చేను గట్టు దాటించి, వాగు దాటించి, అడవి అంచుదాకా తరిమి వెనక్కి రావాలి. శివరాత్రి దాటినాక ఏటా భూపాలపల్లి అవతలికి, మహదేవపూర్ దిక్కు గోదావరి ఒడ్డు ఊళ్ళకు పోయేవాడు. అక్కడ అడవి దగ్గర, ఇసుక లోతు, పందులు బలమైనవి. ఆ పదిహేను రోజుల కోసం కుక్కలను రెండు నెలల ముందు నుంచే తయారు చేసేవాడు.

అంతకు ముందు ఆయనతోపాటు ఉరికేది వాళ్ళ కొడుకు సమ్మన్న. ఆ ఏడు సమ్మన్నకు భూపాలపల్లి బొగ్గుబాయిలో పని దొరికి వెళ్ళిపోయాడు. పెద్దబాపుకేమో మోకాలు వాచింది. ఒక పొద్దున నేను వాకిట్లో పుస్తకం ముందు పెట్టుకుని ఆవులిస్తుంటే, రెండు తాళ్ళు నా చేతిలో పెట్టి "నడువు బిడ్డ" అన్నాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి కేక వేసింది. "ఆడివిల్ల కుక్కల ఎంబడి ఉరుకుడేందయ్యా, ఇన్నోళ్ళు నవ్వరా?"

"ఉరికెటోళ్ళకు ఆడేంది మొగేంది" అన్నాడు ఆయన, చుట్ట చెవి మీద దోపుకుంటూ.

మొదటి వారం ఉరుకుడే లేదు, ఉత్త నడక. కొన్నాళ్ళుగా పని లేక మెత్తబడిన కాళ్ళకు ముందు నడక అలవాటు కావాలనేవాడు. రెండో వారం నుంచి చిన్న పరుగు, అది కూడా సూర్యుడు మొలిచేలోపే. ఆ తర్వాత వాగు ఇసుకలో, మోకాలి లోతు నీళ్ళలో. చివరికి చెరువుకట్ట ఎక్కుడులో ఒక్క ఉదుటున పైకి, మెల్లగా కిందికి. ప్రతి నాలుగో రోజు పని లేదు. ఆ రోజు కుక్కలు ఎంత గునిసినా తాడు విప్పేవాడు కాదు. "ఉరికిననాడు బలం రాదు బిడ్డ, పండుకున్ననాడు వస్తది" అనేవాడు. పరుగు ఆపగానే చుట్ట ముట్టించేవాడు. ఆ చుట్ట సగం కాలేలోపు కుక్క రొప్పడం ఆగి నోరు మూయాలి. మూస్తే రేపు ఇంకొంచెం దూరం. మూయకపోతే రేపు సగం దూరం. తొడ లోపలి వైపు రెండు వేళ్ళు పెట్టి నాడి చూసేవాడు. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి, తెల్లబడిన చోటికి రంగు ఎంత తొందరగా తిరిగి వస్తుందో చూసేవాడు. వారం తిరిగేసరికి నాకూ అన్నీ నేర్పాడు. నా వేళ్ళ కింద ఆ గుండెలు కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. సుక్క నాడి అన్నిటికంటే నిదానం. పెరట్లో పడుకుని ఉన్నప్పుడు రెండు దెబ్బల మధ్య ఎంత ఎడం ఉండేదంటే, ఇక మళ్ళీ కొట్టుకోదేమోనని నాకు భయం వేసేది.

సుక్క నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ఎర్ర కుక్క. నాలుగింటికీ అదే ముందు. దాని తల్లిని కూడా పెద్దబాపే పెంచాడట. ఆ ఇంట్లో పొద్దంతా కుక్కల చుట్టే తిరిగేది. వాటి గట్క సంకటి కోసం పెద్దమ్మ తెల్లారక ముందే జొన్నలు విసిరేది. తిరగలి చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. కుక్కల గురించి సణుగుతూనే, వాటి గట్కలో ఉండలు లేకుండా వేలితో చిదిమి చూసేది. మేక కాళ్ళు కాల్చి ఉడకబెట్టిన నీళ్ళు, దానిలో గట్క, వారానికి రెండు సార్లు గుడ్డు. అదీ ఉరికి వచ్చి గంట గడిచాకే. మధ్యాహ్నం చావిట్లో కూర్చుని కుక్కల పాదాల మెత్తలకు ఆముదం రాసేవాళ్ళం. వెచ్చబెట్టిన ఆముదం, తడిసిన కుక్క వెంట్రుకలు, చుట్ట పొగ కలిసిన ఒక వాసన నా లెక్కల పుస్తకానికి పట్టింది. పరీక్ష హాల్లో కూడా ఆ వాసన వచ్చింది.

మేం ఉరికే దారి ఊరి చివర నుంచి వాగు దాకా, అప్పటికి బండ్ల బాట. ఇప్పుడు తారు పోసిన రోడ్డు అదే. ఆ బాటలో సగం దూరం పోయాక ఒక చోటు ఉండేది. చెట్టు లేదు, రాయి లేదు, పాడుబడ్డ గోడ కూడా లేదు. రెండు పక్కలా చౌడు నేల, గడ్డి కూడా మొలవని తెల్ల మట్టి. భయపడటానికి అక్కడ ఏదైనా ఉండి ఉంటే నాకు అంత భయం వేసేది కాదేమో. అక్కడికి రాగానే నాలుగు కుక్కలూ పరుగు ఆపి నడకలోకి దిగేవి. ఒకదాని వెనక ఒకటి వరసగా ఎడమ అంచుకు జరిగేవి. పెద్దబాపు కూడా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వాటి వెనక అంచుకు జరిగేవాడు. ఇంకెక్కడ ఆపినా చుట్ట సగం కాలితే గాని మూతపడని ఆ నోళ్ళు అక్కడ అడుగు పెట్టగానే మూతపడేవి. ఉరికి ఉరికి వచ్చిన కుక్క నోరు మూసుకుని నడవడం ఎంత వింతగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. డొక్కలు ఎగిసిపడుతుంటాయి, చప్పుడు మాత్రం ఉండదు. అన్నిటి తలలూ కలిసి ఒక్కసారే ముందు నుంచి పక్కకు, పక్క నుంచి వెనక్కి తిరిగేవి, ఎదురొచ్చిన మనిషి దాటిపోతుంటే మనం చూసినట్టు. ఆ తర్వాత నోళ్ళు తెరిచి మళ్ళీ పరుగు అందుకునేవి.

మూడో రోజో నాలుగో రోజో అడిగాను. "ఎవరికి పెద్దబాపూ తొవ్వ ఇచ్చేది?"

"ఎదురొచ్చినోళ్ళకు."

"ఎవరూ రాలేదు గద?"

ఆయన చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూసి, "రాకుంటె మరి మంచిదాయె" అన్నాడు. అంతకు మించి ఎన్ని సార్లు అడిగినా చెప్పలేదు.

మహదేవపూర్ పోవడానికి ఇంకా వారం ఉందనగా పెద్దబాపు మోకాలు చూపించుకోవడానికి మానుకోట పోయాడు. ఆ రాత్రి అక్కడే చుట్టాల ఇంట్లో ఉండి, మరుసటి రోజు పొద్దుగూకేసరికి వస్తానన్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి నాతో చెప్పాడు. "రేపు ఇప్పకు బిడ్డ. ఒకవేళ ఇప్పుతె సల్లపొద్దున నడిపియ్యి. ఎండ ఎక్కినంక అస్సలే ఇప్పకు. సలికాలమంత సల్లగ ఉన్న పానాలు, ఎండ ఇంక అలవాటు కాలె." నేను తలూపాను. మరుసటి రోజు తెల్లారేసరికి నాకు మెలకువే రాలేదు. లేచేసరికి ఎండ చావడి మధ్యకు వచ్చింది. పెద్దమ్మ కూలివాళ్ళను తీసుకుని మిరపచేనుకు పోయింది. అప్పుడైనా ఊరుకోవచ్చు. కానీ నాకు పదహారేళ్ళు, లెక్కలు తప్పినదాన్ని, మా ఇంట్లో నా చేతికి ఒక పని అప్పగించినవాళ్ళు అప్పటిదాకా లేరు. పెద్దబాపు వచ్చేసరికి కట్ట ఎక్కుడు కూడా నేనే చేయించానని చెప్పాలనుకున్నాను. సుక్కను, దానితోపాటు గొర్రెంక అనే చిన్న కుక్కను విప్పాను.

బాట ఖాళీగా ఉంది. చేలలో మనుషులు లేరు, పిట్ట అరుపు లేదు. ఆ ఎండలో మా మూడు ఊపిర్లు తప్ప ఏ చప్పుడూ లేదు. చౌడు నేల దగ్గరికి రాగానే కుక్కలు నోళ్ళు మూసి అంచుకు జరిగాయి. నాకు కోపం వచ్చింది. పెద్దమ్మ అన్నానికి ఇంటికి వచ్చేలోపు తిరిగి రావాలి నేను. గొర్రెంకను వదిలేసి, సుక్క తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకుని బాట మధ్య నుంచి గుంజాను. అది నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి, మట్టిలో గీతలు పడేలా వచ్చింది. అరవలేదు. అప్పుడు నా ఎడమ పిక్కకు చల్లగా తగిలింది. తడి చీర కట్టుకున్న మనిషి దగ్గరగా దాటిపోతే కొంగు అంచు తగిలినట్టు. కిందికి చూసుకున్నాను. పాదం మీద దుమ్ము పొడిగానే ఉంది. ఈ మాటకు నేను సాక్ష్యం చూపలేను. కానీ ఈ కథలో మిగతావన్నీ ఎట్లా జరిగాయో ఇదీ అట్లాగే జరిగింది.

కట్ట మీదికి నాలుగు సార్లు ఉరికించాను. తిరిగి వచ్చేటప్పుడు సుక్క తాడు నా వెనక బిగిసింది. వెనక్కి చూస్తే అది వెనక కాళ్ళు ఈడుస్తోంది. నాలుక వెడల్పై పక్కకు వేలాడుతోంది. చొంగ జిగురులా సాగుతోంది. చిగుళ్ళు ఇటుక రంగులోకి మారాయి. ఒంటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. దాన్ని మెడ మీద వేసుకుని, గొర్రెంక వెంట రాగా, ఇంటిదాకా నడిచాను. వాగు మాకు వెనక వైపు, ఇంటికంటే దగ్గర. వాగులో పడుకోబెట్టాల్సింది. ఆ సంగతి నాకు తెలుసు. వాగు దగ్గర ఎవరైనా చూస్తారని ఇంటికే వచ్చాను.

పెద్దమ్మ అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. "ఏమైందే దానికి?" అంది. నా నోటి నుంచి మొదట నిజమే వచ్చింది. "ఆ చౌడు కాడ పక్కకు జరగలె పెద్దమ్మా. నడిమిట్లకెల్లి గుంజిన." పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "ఎప్పుడు?" అని అడిగింది. "పొద్దుగాల్నే పోయినం. అప్పటి సంది గిట్లనే ఉన్నది" అన్నాను. ఆ ఒక్క మాట అబద్ధం. ఆ మాటతో ఎండ తప్పు పోయి, ఆ చోటి తప్పు మిగిలింది. పెద్దమ్మ ఇక నన్ను ఏమీ అడగలేదు. సుక్కను లోపలి అర్రలో గొంగడి మీద పడుకోబెట్టింది. గాలి తగలొద్దని, ఏదీ లోపలికి రావొద్దని కిటికీ మూసింది. నిప్పుల్లో వేపాకు, సాంబ్రాణి, ఎండుమిరపకాయలు వేసింది. ఒళ్ళు కాలితే నీడ, నీళ్ళు, గాలి అని పెద్దబాపు నాకు నేర్పాడు. నేను గడప దగ్గర నిలబడి ఆ పొగలో దాని ఊపిరి వింటూ ఉన్నాను. ఒక్క చెంబెడు నీళ్ళు పోద్దాం అనడానికి నాకు నోరు రాలేదు. అంటే, ఎండ సంగతి బయటపడుతుంది. పొద్దు వాలుతుండగా ఆ ఊపిరి చప్పుడు ఆగిపోయింది. చాలా సేపు నాకు ఆగినట్టు తెలియలేదు, చెవిలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

పెద్దబాపు చీకటి పడకముందే వచ్చాడు. సుక్క పక్కన గొంతుక్కూర్చుని ముందు చిగురు చూశాడు. తర్వాత పాదం ఎత్తి మెత్తలను బొటనవేలితో తడిమాడు. ఆ తర్వాత తల ఎత్తకుండా నా పాదాల వైపు చూశాడు. నా మడమలు బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఎన్ని గంటలకు పోయినవ్ బిడ్డ?"

"పొద్దుగాల్నే పెద్దబాపూ."

"సరే" అన్నాడు.

బావిగడ్డ మీద గుంత తవ్వాం. ఆ ఏడు ఆయన మహదేవపూర్ పోలేదు. ముందు ఉరికే కుక్క లేకుండా మిగతావాటిని పందుల మీదికి వదిలితే పందులే వాటిని చీల్చేస్తాయన్నాడు. పిలవడానికి అంత దూరం నుంచి వచ్చిన రైతులు వాకిట్లో కూర్చుని బతిమాలి తిరిగిపోయారు. ఎండాకాలం అయ్యేలోపే మిగిలిన మూడింటినీ గొర్లమందల వాళ్ళకు ఇచ్చేశాడు. పెద్దమ్మ చుట్టుపక్కల ఆడవాళ్ళకు జరిగింది చెప్పింది, నేను చెప్పినట్టే చెప్పింది. నేను పరీక్ష రాసి జనగామ వచ్చేశాను, మళ్ళీ సెలవులకు పోలేదు. నేను కనిపించకపోయేసరికి ఆ కథకు ఊళ్ళోవాళ్ళు తోచిన ముగింపు పెట్టుకున్నట్టున్నారు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో పెద్దబాపును వరంగల్ దవాఖానలో చేర్చారు. నేను పోయేసరికి కిటికీ పక్క మంచం మీద కూర్చుని, తన నాడి తానే చూసుకుంటున్నాడు. పెద్దమ్మ చాయ్ తేవడానికి కిందికి దిగింది. ఆయన వేళ్ళు తీయకుండానే అన్నాడు. "ఆ పొద్దు సుక్క మెత్తలు కాలినయ్. సూసిన."

"మరి ఎందుకు అనలేదు పెద్దబాపూ?"

"అడిగిన గద. ఒకపారి అడిగిన. రెండోపారి అడిగితె ఇంకో అబద్ధం ఆడుదువు."

ఏడుపు తగ్గాక, ఇన్నేళ్ళూ లోపల మెదులుతున్నది అడిగాను, అక్కడ ఏముందని. ఆయన నవ్వాడు. "ఏమున్నది? మంచిగ ఉరికినంక జర నడిస్తె గుండె కుదురుకుంటది. ఆడ జాగ సదునుగ ఉంటదని ఆడ నడుపుడు పెట్టిన. గంతే." నా గుండెల మీద నుంచి బరువు దిగిపోతుండగా మళ్ళీ అన్నాడు. "నడుపుడు నేను నేర్పిన. పక్కకు జరుగుడు, నోరు మూసుడు నేను నేర్పలె. సుక్క తల్లి కాడికెల్లి వస్తున్నది అది. అవ్వి జరిగితె నేను జరిగిన. ఎందుకు జరుగుతున్నయో కుక్కను అడుగుతమా?" పెద్దమ్మ చాయ్ గ్లాసులతో వచ్చింది. ఇద్దరం మాట మార్చాం. ఆయన ఆ నెలలోనే పోయాడు.

ఇప్పుడు పెద్దమ్మ కూడా పోయింది. నేను ఆటో దిగేసరికి ఇల్లంతా చుట్టాలు. రేపు దినాలు. బొగ్గుబాయి పని అయిపోయి ఊరికి తిరిగొచ్చిన సమ్మన్న ఎదురొచ్చి నా సంచి అందుకున్నాడు. ఆయన మనవరాలు మౌనిక కనిపించలేదు. అడిగితే ఉరకడానికి పోయిందన్నాడు. పోలీసు ఉద్యోగాలకు పరుగు పరీక్ష ఉంటుందని రోజూ ఉరుకుతోందట. ఎప్పుడు పిలుస్తారో, ఏ ఎండలో ఉరికిస్తారో అని ఆ వారం నుంచి మధ్యాహ్నం పూట పోతోందట. "ఎండల ఎందుకన్నా?" అన్నాను.

"ఎప్పుడన్న ఉరుకు గని, సుక్క కాడ మాత్రం నడువు బిడ్డ అని చెప్పిన. ఇంటది. తెలివిగల్ల పిల్ల" అన్నాడు. ఆ చోటి పేరు ఇప్పుడు అదేనట.

నేను చేతిలోని నీళ్ళ గ్లాసు పూర్తి చేయకముందే మౌనిక గేటు పట్టుకుని లోపలికి వచ్చింది. ముఖం కుంకుమ రాసినట్టుంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. నన్ను చూసి నవ్వబోయి, ఎవరో ఇంకొకరి పేరుతో పిలిచింది. మాట ముద్దగా వచ్చింది. చేతికి ఉన్న గడియారం ఆమె గుండె వేగం ఎర్ర అంకెల్లో చూపిస్తూ చిన్నగా మోగుతోంది. అరుగు మీద కూలబడింది. సమ్మన్న భార్య, మా వదిన, ఉరికొచ్చి మొదట అడిగిన మాట, "సుక్క కాడ నడిచినవా, ఉరికినవా?"

"యాదికి లేదు నానమ్మా" అంది మౌనిక.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు పిల్లను చంకల కింద పట్టి లోపలి అర్రలోకి నడిపించారు. అదే అర్ర. ఒకామె కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది. ఇంకొకామె వేపాకు అంది. ఎవరో నిప్పులకు పోయారు. నా ఒంట్లో ఎక్కడో చాలా కింద నుంచి ఒక రొప్పు బయలుదేరింది. నేను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను, మైళ్ళు ఉరికినట్టు నా ఊపిరి చప్పుడు చేస్తోంది. పక్కనున్న ముసలామె నన్ను చూసి భయంగా వెనక్కి జరిగింది.

"తలుపు ముట్టకుండ్రి!" అని అరిచాను. అంత గొంతు నాకు ఉందని నాకే తెలియదు. "కిటికీ తెరువుండ్రి. పిల్లను బయటికి తేండ్రి. బోరు నీళ్ళు, గుడ్డలు. ఆ నిప్పులు అవతల పారెయ్యుండ్రి. అన్నా, అంబులెన్సుకు ఫోన్ చెయ్యి!"

"గట్లంటవేంది, అక్కడ తగిలింది దానికి..." అంది మా వదిన.

"ఏం తగలలె. ఎండ తగిలింది. సుక్కకు కూడ ఎండనే తగిలింది. పొద్దెక్కినంక ఉరికిచ్చిన. పొద్దుగాల్నే పోయినమని అబద్ధం ఆడిన. పెద్దమ్మ పొగేస్తుంటె నీళ్ళు పోద్దామని అననుకూడ అనలే. కిటికీ పెద్దమ్మ మూసింది. అర్ర తలుపు మూసింది నేను. దాని ఊపిరి ఇనలేక నేనే మూసిన."

తలుపు సంగతి పెద్దబాపుకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళూ గడప దగ్గర నిలబడినట్టే గుర్తు తెచ్చుకుంటూ వచ్చాను. మొదట కదిలింది సమ్మన్నే. బోరు గొట్టం ఈడ్చుకొచ్చాడు. పిల్లను వేపచెట్టు నీడలో నవారు మంచం మీద వేసి, మెడకు, చంకలకు, తొడల సందుకు తడి గుడ్డలు పెట్టి, ఇద్దరు చాటలతో విసిరారు. నేను దాని మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి కూర్చున్నాను. గడియారం ఏవో అంకెలు చూపిస్తూనే ఉంది, నేను దాన్ని చూడలేదు. వేళ్ళ కింద ఆ గుండె, తాడు తెంపుకున్నదానిలా ఉరుకుతోంది. అంబులెన్సు వచ్చేసరికి ఒక్కో దెబ్బా విడివిడిగా తెలియడం మొదలైంది. "జనగామ అవ్వా, ఎప్పుడొచ్చినవ్?" అంది మౌనిక, సరైన పేరుతోనే.

మానుకోట దవాఖానలో రెండు సీసాలు ఎక్కించి, ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు డాక్టరు. మరుసటి రోజు దినాలు అయ్యాక పిల్లను ఇంటికి పంపించారు. సాయంత్రం చుట్టాలు తగ్గాక సమ్మన్న వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కోపగించుకుంటాడనుకున్నాను. కానీ చిన్న పిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"అయితె అక్కడ ఏం లేనట్టేనా చెల్లె? ఇన్నేండ్లు మేం ఉత్తగనే జరిగినమా?"

నా ఎడమ పిక్క మీద వెంట్రుకలు లేచాయి. ఏం చెప్పను? పెద్దబాపు నేర్పింది ఎంత, నేర్పనిది ఎంత, నాకు తగిలింది ఏమిటి, ఆటో అబ్బాయి తండ్రి విన్నది ఎవరి ఊపిరి? బతికున్న నా పేరున అక్కడ ఏది తిరుగుతోంది?

"అక్కడ ఉన్నదో లేదో నాకు తెలువదన్నా" అన్నాను. "నాకు తెలిసింది ఎండ సంగతే. అది మాత్రం పిల్లలకు చెప్పు."

లోపల నుంచి మౌనిక వింటోందని మాకు తెలియదు. నీరసంగా తలుపు పట్టుకుని బయటికి వచ్చి, మా ఇద్దరి మధ్య కూర్చుంది. "ఆ కుక్క ఎంతసేపు బతికింది అవ్వా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

"పొద్దు వాలేదాకా" అన్నాను.

పెద్దబాపు ప్రతి నాలుగో రోజు కుక్కల తాడు విప్పేవాడు కాదని కూడా చెప్పాను. మౌనిక లేచి, గోడకు ఉన్న క్యాలెండర్ దగ్గరికి పోయి, నాలుగేసి రోజులకు ఒక రోజు చొప్పున పెన్సిలుతో సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది.